బాకా పిల్ల వెంట మార్ల్ రాజ్యం

శుక్రవారం రాత్రి

ఈ సెలవుల్లో మేం తిరిగింది మార్ల్ రాజ్యం. మేం అంటే నేనూ, దసరాకి మా ఇంటికొచ్చిన అక్క కూతురు చిన్నీ. చిన్ని ఆరో తరగతి చదువుతోంది. గేమ్‌ప్యాడ్ ఎక్కువసేపు నా చేతిలోనే ఉంది, దారి చెప్పే పెత్తనం మాత్రం తనది. టీవీ ముందు చాప వేసుకుని, లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి బయల్దేరాం.

ఆట పేరు ‘రాప్సొడీ: ఎ మ్యూజికల్ అడ్వెంచర్’. నిప్పన్ ఇచీ సాఫ్ట్‌వేర్ అనే జపాన్ కంపెనీ దీన్ని 1998 డిసెంబరులో మొదటి ప్లేస్టేషన్ కోసం విడుదల చేసింది. జపనీస్ పేరుకి అర్థం దాదాపుగా ‘మార్ల్ రాజ్యపు బొమ్మల రాకుమారి’. 2000లో అట్లస్ వాళ్ళు ఇంగ్లీషులోకి మార్చి అమెరికాలో అమ్మారు. 2008లో నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం మీద మళ్ళీ వచ్చింది. మేం ఆడింది 2022లో కంప్యూటర్‌కి వచ్చింది. అది పాత ప్లేస్టేషన్ ఆటే. ఎవరైనా కొనాలనుకుంటే ఈ తేడా చూసుకోండి. డీఎస్ ఆటలో యుద్ధాల పద్ధతి మార్చేశారు, పాటలు కూడా జపనీస్‌లోనే ఉంటాయి. నా ఓటు పాతదానికే.

ఇది ఆర్పీజీ, అంటే ఒక పాత్రని నడిపిస్తూ కథ వెంట సాగే ఆట. ఆర్పీజీ అనగానే నాకు కొంచెం భయం. లోకం అంతమైపోతుంటుంది, హీరోకి గతం గుర్తుండదు, యాభై అరవై గంటలు ఆడితే గానీ అసలు విలన్ ఎవరో తేలదు. ఇందులో అలాంటి గొడవ లేదు. పది పన్నెండు గంటల్లో తేలిపోయే ఆట. ఒక పిల్లకి ఒక రాజకుమారుడు కావాలి. కథ మొత్తం అంతే. ఆ ‘అంతే’ని పాటలు పాడుతూ చెప్పారు. మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి వెళ్ళిపోతారు, ఊరు ఊరంతా వంత పాడుతుంది. పాట చూసి పెరిగిన తెలుగువాళ్ళకి ఇదేమీ వింత కాదు. వీడియో గేమ్‌లో చూడటమే వింత.

పాటలు ఇంగ్లీషులో వినాలా, జపనీస్‌లో వినాలా అని ముందే తేల్చుకోవాలి. రెండూ ఉన్నాయి. కాసేపు అదీ కాసేపు ఇదీ పెట్టి చూశాం. ఇంగ్లీషు పాటల్లో అక్కడక్కడా మాటలు రాగంలో ఇరుక్కుపోయాయి. డబ్బింగ్ సినిమా పాటలు విన్న చెవికి ఆ ఇరుకు వెంటనే తెలిసిపోతుంది. ఆ పాటల మీద నాకు ప్రేమే గానీ ఫిర్యాదు లేదు. అయినా చిన్ని తీర్పు చెప్పేసింది.

“జపనీసే పెట్టు పిన్నీ. అర్థం కింద చదువుకుందాం.”

“అర్థం కాకపోతే బోర్ కొట్టదూ?”

“నువ్వు వినే హిందుస్తానీ నాకు అర్థమవుతోందా ఏంటి? కూర్చోవట్లేదూ?”

జపనీస్ పెట్టాను.

శనివారం, ఆరంజ్ విలేజ్

ప్రయాణం మొదలయ్యేది ఆరంజ్ విలేజ్ అనే చిన్న ఊళ్ళో. ఇళ్ళు, చెట్లు, మెట్లు అన్నీ చేత్తో వేసిన బొమ్మలు. పక్కవాటంగా, కాస్త పైనుంచి చూస్తున్నట్టు ఉంటాయి. మనుషులు బొటనవేలంత ఉంటారు. 1998 అంటే చాలా కంపెనీలు త్రీడీ మీద పడి, పలకలు పలకలుగా ఉన్న మొహాలు గీస్తున్న కాలం. వీళ్ళు మాత్రం చదునైన బొమ్మలే గీశారు. డబ్బుల్లేక అలా చేశారో, ఇష్టపడి చేశారో గానీ, ఆ కాలపు త్రీడీ ఆటలు చాలావరకు ఇప్పుడు చూడలేం. ఇది చూడగలం.

ఈ ఊళ్ళో కార్నెట్ అనే అమ్మాయి ఉంటుంది. తల్లి లేదు. తాతయ్య దగ్గర పెరిగింది. బాకా ఊదుతుంది. బొమ్మలతో మాట్లాడగలదు, అవి తనతో తిరిగి మాట్లాడతాయి. పక్కనే ఎప్పుడూ ఎగురుతూ ఉండే కురురు అనే చిట్టి బొమ్మ ఉంటుంది. కురురు నోరు ఊరుకోదు. కార్నెట్ కలలు కంటే ఇది గిల్లి లేపుతుంది, కార్నెట్ ఏడిస్తే తిట్టి ఓదారుస్తుంది. పెద్దక్కో, పక్కింటి అత్తో, చంటిపిల్లో తెలీని ఒక పెత్తనం. ఆట మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి ఈ బొమ్మే.

కాసేపటికే పాట వచ్చింది. అప్పటిదాకా మాటలన్నీ కింద డబ్బాలో అక్షరాలుగా వస్తూంటాయి, మనం బటన్ నొక్కుతూ ఉంటాం. పాట రాగానే బటన్ పనిచేయదు. మన చేతిలోంచి ఆట వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోతుంది. బొటనవేలంత మనుషులు వరసగా నిలబడి చేతులు పైకెత్తి, కిందికి దించి, ఒక గంతు వేసి తిరుగుతారు. స్టెప్పులు నిజానికి నాలుగైదు కంటే లేవు. అయినా చిన్ని లేచి నిలబడి ఆ నాలుగైదూ వేసింది.

సంగీతం తెన్‌పే సాతోది. తర్వాత ఇదే కంపెనీ చేసిన ‘డిస్‌గాయా’ ఆటలు ఆడినవాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. కథ రాసిన సోహెయ్ నీకావా తర్వాతి రోజుల్లో కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. అంటే బొమ్మలతో మాట్లాడే పిల్ల కథ రాసినాయన బోర్డ్ మీటింగులు నడిపాడన్నమాట. ఆ సంగతి తలుచుకుంటే నాకు భలే సరదాగా ఉంటుంది.

ఆటల్లో పాట పెట్టాలన్న కోరిక అంతకుముందూ ఉంది. 1994లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 6’లో ఏకంగా ఒక ఒపేరా సీనుంది. అది క్యాసెట్ లాంటి కార్ట్రిడ్జ్ మీద వచ్చిన ఆట. ఆట మొత్తానికీ దొరికింది 3 మెగాబైట్లు. అందులో మనిషి గొంతు పాడటం కుదరదు కాబట్టి గొంతుని పోలిన ఒక మిషన్ స్వరం ఊఁ ఆఁ అంటుంది, మాటలు తెర మీద చదువుకోవాలి. ప్లేస్టేషన్ వచ్చేసరికి ఆట సీడీ మీదికి చేరింది. 650 మెగాబైట్ల చోటు దొరికింది. చాలామంది ఆ చోటుని పెద్ద పెద్ద వీడియోలతో నింపారు. వీళ్ళు పాటలతో నింపారు.

కార్నెట్‌కి ఒక పోటీ కూడా ఉంది. ఎత్వాల్ రోజెన్‌క్వీన్ అని, బాగా డబ్బున్న ఇంటి పిల్ల. కార్నెట్‌ని చూస్తే ఆమెకి నిప్పు, ఆమెని చూస్తే కార్నెట్‌కి దిగులు. ఊళ్ళో అందరికంటే పెద్ద ఇల్లు ఆ పిల్లదే అని వేరే చెప్పాలా? “మా క్లాసులో కూడా ఇలాంటిది ఒకతుంది” అంది చిన్ని. పేరు అడిగితే చెప్పలేదు.

ఇక వండర్ వుడ్స్ అనే అడవి. అక్కడ కార్నెట్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒకడు వచ్చి కాపాడతాడు. అతను ఈ రాజ్యపు యువరాజు ఫెర్డినాండ్. కార్నెట్ మనసు అక్కడే ఆగిపోయింది. ఇంత తొందరగానా అని నేను, అందుకేగా ఆట మొదలైంది అని చిన్ని.

శనివారం సాయంత్రం, మదర్‌గ్రీన్

మదర్‌గ్రీన్ రాజధాని. కోట ఇక్కడే. యువరాజుకి పెళ్ళికూతుర్ని వెతకడానికి పోటీ పెట్టారు. ఎత్వాల్ ఎలాగూ వచ్చింది. కురురు తోసుకొచ్చింది కాబట్టి కార్నెట్ కూడా వచ్చింది. ఈ ఊరు నాకు చాలా నచ్చింది. జనం ఎక్కువ, ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెబుతారు. చెప్పేవాటిలో సగం పనికిరావు, అదే బాగుంది. ఆర్పీజీ ఊళ్ళలో అందరూ పోలీసులకి సాక్ష్యం చెబుతున్నట్టు క్లూలే చెబితే నాకు విసుగు.

సంబరం మంచి జోరు మీద ఉండగా మార్జోలీ దిగింది. మార్జోలీ మంత్రగత్తె. వెంట ముగ్గురు అనుచరులు: గావో, మ్యావో, క్రౌడియా. మార్జోలీకి యువరాజు నచ్చాడు. అతన్ని నిద్రపుచ్చి ఎత్తుకుపోదామని మంత్రం వేసింది. వేయాల్సినది ఒకటి, వేసినది ఇంకొకటి. యువరాజు నిద్రపోలేదు, రాయి అయ్యాడు. మంత్రగత్తె మొహం చూడాలి. తను ప్రేమించినవాడిని తనే శిలగా మార్చేసి, అందరి ముందూ తేరుకోలేక, సరేలే ఏం చేస్తాం అన్నట్టు ఆ శిలనే మోసుకుని వెళ్ళిపోయింది.

చిన్ని పడి పడి నవ్వింది. నవ్వి, “మళ్ళీ మనిషిని చేసే మంత్రం రాదా దానికి?” అంది.

“వస్తే ఆట ఇక్కడే అయిపోతుందిగా.”

“మరి రాజకుమారుణ్ణి అమ్మాయే కాపాడాలా?”

“అవును.”

“మంచిదే” అని పెద్దమనిషిలా తలూపింది.

మనుషులు రాళ్ళు కావడం మనకి బాలనాగమ్మ కథలో ఉంది. బుర్రకథగా వినివుంటారు, లేదంటే నానమ్మలు చెప్పివుంటారు. మాయల ఫకీరు బాలనాగమ్మని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు, వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధినీ అతని బలగాన్నీ రాళ్ళు చేసేస్తాడు. తల్లిని విడిపించడానికి కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దయ్యి, ఫకీరు ప్రాణం దాచుకున్న చిలక దాకా వెళ్ళాలి. ఆ కథలో భయం నిజమైన భయం. చిన్నప్పుడు రాత్రి ఆ భాగం వస్తే నేను దుప్పట్లోకి దూరేదాన్ని. మార్ల్‌లో ఎత్తుకుపోయేది ఆడమనిషి, రాయైనది మగవాడు, విడిపించడానికి బయల్దేరింది ఊళ్ళో బాకా ఊదుకునే పిల్ల. భయం మాత్రం చుక్క కూడా లేదు. రాత్రి భోజనాల దగ్గర చిన్నికి బాలనాగమ్మ చెప్పాను. “ఫకీరుకి పాట లేదా?” అని అడిగింది. బుర్రకథలో అందరి పాటా ఒకళ్ళే పాడతారని చెప్పాను.

ఆదివారం

ఇవాళ నడక. చెప్పుకోవడానికి కాళ్ళ నొప్పులు తప్ప ఏమీ లేవు. కాళ్ళు కార్నెట్‌వి, నొప్పి నా బొటనవేలికి.

రాయిని మళ్ళీ మనిషిని చేసే ఉపాయం కోసం రాజ్యం నలుమూలలా తిరగాలి. ప్రతిచోటా ఒక గుహో, అడవో, బురుజో ఉంటుంది. బయట నుంచి వేరువేరు. లోపల ఒకటే. ఒక గుహలో ఒక గది గీశారు, దాన్నే అచ్చు వేసినట్టు మళ్ళీ మళ్ళీ వాడారు. ఎడమవైపు తలుపు తీస్తే ఇందాకటి గది, కుడివైపు తలుపు తీసినా ఇందాకటి గదే. మ్యాప్ ఇవ్వరు. ఈ ఆట గురించి చాలామంది విమర్శకులు తిట్టింది దీన్నే, నాకూ వేరే మాట లేదు. చేత్తో బొమ్మలు గీసే కళాకారులు ఉన్నారు, పాటకి డబ్బు పెట్టారు, గుహలకొచ్చేసరికి చేతులెత్తేశారు.

చిన్ని పాత నోట్‌బుక్ వెనక అట్ట మీద మ్యాప్ గీయడం మొదలుపెట్టింది. గడులు, బాణాలు, నిధిపెట్టె దొరికిన గదికి నక్షత్రం. మూడో గుహకొచ్చేసరికి తనకే ఒక పద్ధతి కుదిరింది. ఎప్పుడూ కుడిచేతి గోడ వదలకుండా వెళ్ళడం, దారి మూసుకుపోతే వెనక్కి రావడం. ఎవరూ నేర్పలేదు. ఆ మ్యాప్ కోసమే నేను ఆ గుహల్ని కొంచెం క్షమించాను.

పైగా పది అడుగులు వేస్తే ఎక్కణ్ణుంచో జంతువులు ఊడిపడతాయి. అప్పుడు తెర మారి, గళ్ళ నేల వస్తుంది. చదరంగంలా మనవాళ్ళు ఒక పక్క, వాళ్ళు ఒక పక్క. వంతు వచ్చినప్పుడు జరిగి కొట్టాలి. కార్నెట్‌తోపాటు ముగ్గురు బరిలోకి దిగుతారు, అంటే బొమ్మలు. కార్నెట్ తనుగా కొట్టేది తక్కువ. దగ్గర్లో ఉన్న బొమ్మలకి బాకా ఊది ఊపు తెప్పించడం తన పని. అంటే హీరోయిన్ని ముందు నిలబెట్టి కొట్టించడం కాదు, మధ్యలో నిలబెట్టి బొమ్మల్ని చుట్టూ పెట్టుకోవాలి. ఇది నాకు తెలివైన ఆలోచన అనిపించింది. నాయకురాలు వెనకనుంచి వాయిస్తుంది, గెలుపు ముందువాళ్ళది.

బాకా ఊదుతూ పోతే ‘రివార్డ్’ అనే పెద్ద దెబ్బ వాడుకోవచ్చు. ఆ దెబ్బలన్నీ తినుబండారాలు! శత్రువుల నెత్తిన ఒక భారీ పాన్‌కేక్ పడుతుంది. మొదటిసారి అది పడగానే చిన్ని ‘పిన్నీ, అట్టు!’ అని అరిచింది. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు అట్టే. గుహలో విసుగొచ్చినప్పుడల్లా అట్టు వెయ్యమని గోల. అవసరం లేకపోయినా వేశాను. ఈ ఆటలో ఓడిపోవడం కష్టం కాబట్టి వృథా చేసినా నష్టం లేదు.

కష్టం లేకపోవడం లోపమా? ఎత్తులు పైఎత్తులు ఇష్టపడేవాళ్ళకి లోపమే. గళ్ళ నేల మీద ఆలోచించి ఆడే ఆటని ఇచ్చి, ఆలోచించాల్సిన అవసరం ఇవ్వలేదు. ఇదే కంపెనీ 2003లో ‘డిస్‌గాయా’ చేసినప్పుడు ఆ గళ్ళ మీదే ఎన్నెన్ని లెక్కలు, మెలికలు పెట్టిందో చూస్తే, ఇక్కడ మొగ్గగా ఉన్నది అక్కడ చెట్టయ్యిందని తెలుస్తుంది. కానీ ఆరో తరగతి పిల్ల పక్కన కూర్చుని పాట కోసం ఎదురుచూస్తుంటే, తేలిగ్గా ఉండటమే మేలు అనిపించింది.

ఇంకో ముచ్చట. ఓడిపోయిన జంతువుల్లో కొన్ని లేచి మనతో వచ్చేస్తామంటాయి. ఇందాక కరిచినదే ఇప్పుడు మన జట్టు. చిన్ని ప్రతిదాన్నీ రమ్మంది. మా బలగం చివరికి పెళ్ళివారి బస్సులా తయారైంది.

ఈ రోజు పాట ఒక్కటీ రాలేదు. చిన్ని నోట్‌బుక్‌లో ఆదివారం కింద ‘పాటలు: సున్నా’ అని రాసి గీత గీసింది.

సోమవారం, మంగళవారం

నాకు ఆఫీసు. రాత్రి కాసేపు ఆడి ఒక ఊరూ, ఒక గుహా దాటించాం. అంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

బుధవారం, బొమ్మల గోడు

పాటలు లేనిచోట ఈ ఆటని నిలబెట్టేది బొమ్మలు. టెర్రా, షార్తే లాంటి బొమ్మలు దారిలో ఒక్కొక్కటిగా మన వెంట వస్తాయి. ఎవరికీ వినపడని వాటి మాట కార్నెట్‌కి వినపడుతుంది కాబట్టి వస్తాయి. కొన్నిటికి తీరని కోరికలు ఉంటాయి. పెద్ద కోరికలు కావు. రాజ్యాలు అక్కర్లేదు. ఎవరినో ఒకసారి చూడాలి, ఎవరికో ఒక మాట చేరాలి. ఆ పని చేసిపెట్టకపోయినా ఆట పూర్తవుతుంది. చేసిపెట్టడానికి వెనక్కి నడవాలి, ఒకే గది మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ గుహల మీదుగానే.

వెళ్దామా వద్దా అని చిన్నిని అడిగాను.

“మనకి ఏమిస్తారు?”

“తెలీదు.”

కాసేపు ఆలోచించింది. “సరే పద. పాపం వినేవాళ్ళు ఇంకెవరూ లేరుగా దానికి.”

వెళ్ళాం. ఇవాళంతా అలాంటి పనుల మీదే తిరిగాం, ముఖ్య కథ ఒక్క అంగుళం జరగలేదు. కానీ ఈ రోజే నాకు ఆట లోపలి లెక్క అర్థమైనట్టు అనిపించింది. మామూలు ఆర్పీజీలో ఒక మనిషి ఎలాంటివాడో యుద్ధంలో తెలుస్తుంది: కత్తి ఎలా పట్టాడు, ఎవరికి అడ్డం నిలబడ్డాడు. ఇక్కడ యుద్ధం కేవలం దూరం. బస్సులో గడిపే గంటలు. మనిషి తెలిసేది పాటలో, బొమ్మ తెలిసేది దాని గోడులో. కార్నెట్‌కి దొరికిన శక్తి కూడా చూడండి. వినడం, ఊదడం, రెండే. ఆ రెండిటితోనే రాజ్యం దాటుతోంది.

ఇది నేను అక్కతో ఫోన్‌లో చెబితే, “మీరిద్దరూ వేళకి తింటున్నారా?” అంది.

గురువారం, మార్జోలీ పాట

ఇవాళ పాట వచ్చింది. అదీ విలన్ పాట. నా దృష్టిలో ఈ యాత్రలో చూడాల్సిన మొదటి స్థలం ఇదే. తన అందం, తన గొప్పతనం గురించి మార్జోలీ తనే పాడుకుంటుంది. అనుచరులు వంత పాడతారు. వాళ్ళ మొహాల్లో భక్తి కంటే ఉద్యోగం ఎక్కువ కనిపిస్తుంది. రాగం మంచి ఊపుగా, స్టేజీ నాటకం పాటలా ఉంటుంది. యువరాజుని రాయిని చేసి పట్టుకుపోయింది కదా, మనకి కోపం రావాలి. రాదు. పాట అయ్యేసరికి మనం ఆవిడ పార్టీలో ఉంటాం.

పద్యనాటకాల్లో దుర్యోధనుడికి మంచి పద్యాలు పడితే జనం వన్స్‌మోర్ అరవడం మనకి కొత్త కాదు. చెడ్డవాడికి మంచి రాగం ఇస్తే వాడు పూర్తిగా చెడ్డవాడు కాలేడు. మార్జోలీ విషయంలో జరిగింది అదే. ఆవిడది దుర్మార్గం కాదు, తొందర. ఇష్టపడింది, అడగడం చేతకాలేదు, మంత్రం వేసింది, అదీ తప్పు మంత్రం. ఇటు కార్నెట్‌కీ అడగడం చేతకాదు, కానీ పక్కన గిల్లే కురురు ఉంది. మార్జోలీ పక్కన మాత్రం అవునమ్మా అనేవాళ్ళే ఉన్నారు.

ఇవన్నీ ఆట నోటితో చెప్పదు. రెండు పాటల్ని ఎదురెదురుగా పెడుతుంది. కార్నెట్ పాటల్లో ఎప్పుడూ ‘ఏదో ఒక రోజు’ అనే ధోరణి. మార్జోలీ పాటలో ‘ఇప్పుడే, నాకే’.

మధ్యలో అక్క వీడియో కాల్ చేసింది. తెర మీద మ్యావో వేషం చూసి, “ఇది పిల్లలాటేనా?” అంది. బట్టలు కొంచెం పొదుపుగా ఉన్నమాట నిజం. ఒకటి రెండు జోకులు కూడా చిన్ని తల మీదుగా పోయినందుకు నేను సంతోషించాను. ఇరవై ఏళ్ళు దాటిన ఆట, ఆ వయసు అక్కడక్కడా కనిపిస్తుంది.

చిన్ని నోట్‌బుక్: ‘గురువారం: పాట 1. సూపర్. దొంగది అయినా సూపర్.’

శనివారం, చివరి గుమ్మం

శుక్రవారం చుట్టాలు. ఆడలేదు.

ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి చివరి మెట్టు చేరాం. ముగింపు చెప్పను. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఇంత తేలిగ్గా, నవ్వుతూ వచ్చిన కథ చివర్లో ఒక్క క్షణం నవ్వు ఆపేస్తుంది. కురురు గురించి ఒక సంగతి తెలుస్తుంది. ముందే తెలిస్తే అది పని చెయ్యదు. దానికి ముందు వారమంతా ఆ చిట్టి బొమ్మ తిట్లు తినివుండాలి.

ఒక్కటి చెప్పొచ్చు. ఆ క్షణంలో ఆట కత్తి తియ్యలేదు, పాటనే నమ్ముకుంది. పెద్ద యుద్ధం ఉంది, అయిపోయింది, మేం మూడు అట్లు వేసి గెలిచాం. దాని ఊసు ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. తర్వాత వచ్చిన పాట గుర్తుంది. చిన్ని కింద పడే అక్షరాలు చదవడం మానేసింది. నేను చదివి చెబుదామని నోరు తెరిస్తే, చెయ్యి అడ్డం పెట్టింది.

లోపాలు మళ్ళీ చెబుతాను, ఎవరైనా నన్ను నమ్మి కొని తిట్టుకోకుండా. గుహలు దారుణం. యుద్ధాలు తేలిక, అదే పని. పాటలు మనం కోరుకున్నన్ని లేవు, ఉన్నవి కూడా సమానంగా పంచలేదు. మొదట్లో గుప్పున వచ్చి మధ్యలో కరువు పెట్టి చివర మళ్ళీ వస్తాయి. ‘మ్యూజికల్’ అని పేరులో పెట్టుకున్న ఆట మధ్యభాగంలో అంతసేపు మూగగా ఉండటం అన్యాయం. గుహల్లో సగం తీసేసి ఆ చోట రెండు పాటలు పెట్టివుంటే ఇది గొప్ప ఆట అయ్యేది. ఇప్పుడు మంచి ఆట. అట్లస్ వాళ్ళు అమెరికాలో ఆటతోపాటు పాటల సీడీ కూడా ఇచ్చారు. వాళ్ళకీ తెలుసు సరుకు ఎక్కడుందో.

ఆదివారం, తిరుగు ప్రయాణం

చిన్ని సాయంత్రం బస్సుకి వెళ్ళాలి. బ్యాగు సర్దుతూ, “దీని తర్వాత ఏమైంది?” అని అడిగింది.

తర్వాతి కథలున్నాయి. రెండో ఆట 1999లో ప్లేస్టేషన్ మీద, మూడోది 2000లో ప్లేస్టేషన్ 2 మీద జపాన్‌లో వచ్చాయి. ఇంగ్లీషులో రావడానికి ఇరవై ఏళ్ళు దాటింది. 2023లో రెండూ కలిపి ‘మార్ల్ కింగ్‌డమ్ క్రానికల్స్’ అని విడుదల చేశారు. రెండో ఆటలో హీరోయిన్ కార్నెట్ కూతురు. రాకుమారి, పేరు కురురు. బొమ్మ పేరే పెట్టారు. ఆ పిల్ల స్నేహితురాలు క్రేయా, మన ఎత్వాల్ కూతురు. తల్లులు కొట్టుకున్నచోట పిల్లలు జంటగా తిరుగుతారట.

“ఎత్వాల్ కూతురా!” అని చిన్ని బ్యాగు వదిలేసి వచ్చింది.

ఎత్వాల్ ఇంటిపేరు ఇంకా చాలా దూరం వెళ్ళింది. ‘డిస్‌గాయా’లో పాతాళలోకంలో కత్తులు, కవచాలు అమ్మే దుకాణం పేరు రోజెన్‌క్వీన్. కార్నెట్‌కి రాజకుమారుడు దొరికితే దొరికాడు గానీ, వ్యాపారం పెంచుకున్నది మాత్రం ఎత్వాల్ వాళ్ళే.

“రెండోది కొను పిన్నీ. సంక్రాంతికి వస్తా.”

“గుహలు ఇలాగే ఉంటే?”

“మ్యాప్ నేను గీస్తా. నువ్వు అట్టు వెయ్యి.”

“అందులో అట్టు ఉందో లేదో.”

“లేకపోతే నువ్వే ఇంట్లో వెయ్యి” అని నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకుంది. బస్సు ఆరున్నరకి.